నాలుగో సీసా

జూన్ 9, సోమవారం

నగేష్ దిండు గలీబు మీద మళ్ళీ రక్తం మరక. సబ్బు పెట్టి రుద్దితే మరక పోయింది గానీ నా మంట పోలేదు. గుట్కా మానరా అని మొత్తుకుంటుంటే వింటేనా! "ఎప్పుడో ఇడిసిపెట్టిన అక్కా" అంటాడు. విడిచిపెట్టినవాడికి ముక్కులోంచి రక్తం ఎందుకు కారుతుంది?

అమ్మ పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు. అప్పటి నుంచి నేనే అమ్మ, నేనే బాపు, నేనే బడితె. మధ్యలో నా పెళ్ళి ముచ్చట ఒకటి జరిగింది, అది ఇక్కడ రాయను. ఇప్పుడు శాలిబండలో రెండు గదుల్లో మేమిద్దరం, కాటేదాన్‌లో ఒకే కంపెనీలో మేమిద్దరం. ఆ కంపెనీలో వాణ్ణి పెట్టించింది కూడా నేనే.

ఎవరితో చెప్పుకోవాలి? నా పక్కన పనిచేసే ప్రీతికి చెబితే మధ్యాహ్నానికల్లా క్యాంటీన్ మొత్తానికి తెలుస్తుంది. అందుకే ఈ డైరీ తీశాను. కంపెనీ వాళ్ళు సంక్రాంతికి ఇచ్చినది, మీద బ్యాటరీ బొమ్మ. ఇందులో ఎంత తిట్టుకున్నా ఎవరికీ వినబడదు.

జూన్ 11

ఈ రోజు రక్తం లేదు. చెప్పానా, గుట్కానే.

జూన్ 15, ఆదివారం

నిన్నటి పప్పు బయటే ఉండిపోయింది. పొద్దున మూత తీస్తే పులిసిన కంపు కొట్టింది. పారబోద్దామని గట్టు మీద పెట్టి స్నానానికి వెళ్ళాను. వచ్చి చూద్దును కదా, మహానుభావుడు దాన్ని అన్నంలో కలుపుకుని తింటున్నాడు.

"మస్తున్నది అక్కా. జర పులుపెక్కువైంది. చింతపండు ఎక్కువేసినవా ఏంది?"

కంచం లాక్కున్నాను. "వాసన వస్తలేదారా నీకు?"

"సర్దైంది."

జూన్‌లో సర్ది ఏమిటి? పది రోజులుగా ఒక్క తుమ్ము తుమ్మలేదు వాడు.

జూన్ 18, బుధవారం

వాణ్ణి కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఎడమ ముక్కులోకి ఫోన్ టార్చి వేశాను. కుడి వైపు నుంచి వెలుతురు వచ్చింది.

చర్మం లోంచి వచ్చే వెలుతురు ఎర్రగా ఉంటుంది. ఇది తెల్లగా ఉంది. అంచు గుండ్రంగా ఉంది, ముక్కు మధ్య గోడకు చిల్లు పడినట్టు. ఆ తేడా నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? నేను చేసేది అదే పని. పెద్ద డ్రమ్ము సగం నీలం నీళ్ళలో మునిగి తిరుగుతూ ఉంటుంది, దాని మీద రాగి పొరలా పేరుకుంటుంది, ఒలిచి చుట్టేస్తారు. వెంట్రుక కన్నా పలచని రేకు. అది నల్లబడకుండా నారింజ రంగు క్రోమిక్ యాసిడ్ నీళ్ళ ట్యాంకులో ముంచి తీస్తారు, నగేష్ ఉండేది అక్కడ. అక్కడి నుంచి నా గాజు బల్ల మీదికి వస్తుంది. కింద లైటు, పైన రేకు. సూది మొనంత చిల్లు ఉన్నా చుక్కలా మెరుస్తుంది. ఆ చుక్కలు పట్టుకుంటూనే నా కళ్ళు ఇట్లా గుంటలు పడ్డాయి. గల్లీలో వాళ్ళు మాది రాగి వరక్ కంపెనీ అంటారు. మిఠాయి మీద కాదమ్మా, బ్యాటరీలోకి పోతుంది అంటే నమ్మరు.

"ఏమున్నదక్కా?" అన్నాడు నగేష్, తల పైకెత్తుకునే.

"ఏం లేదు. పొక్కు లేసింది. నెయ్యి పెట్టుకో."

జూన్ 19

రేకులో చిన్న చిల్లులు చదరపు మీటరుకు మూడు దాకా పాస్. కొనేవాడే ఒప్పుకున్నాడు. ఒక్క చిల్లు కనబడగానే రోలు పారేస్తూ పోతే కంపెనీ ఎప్పుడో మూతపడేది. మనిషికి మాత్రం ఆ మాత్రం వదులు ఉండదా?

ట్యాంకు మీద ఆ యాసిడ్ పొగ లాగే ఫ్యాన్ పాడై చాలా రోజులైంది. మాస్కు పెట్టుకుంటే కళ్ళద్దాలు మసకబారి రేకు చినుగుతుందట, చినిగితే తిట్లు పడతాయట. అందుకని మాస్కు మెడలో వేలాడేసుకుంటాడు. అక్కడ అందరూ అంతే. వేళ్ళ సందుల్లో పుండ్లు కూడా అందరికీ ఉన్నాయి. అందరికీ ఉన్నదాన్ని రోగం అంటామా?

జూన్ 24, మంగళవారం

నోటీసు బోర్డు మీద పేరు పడింది! కాంట్రాక్టులో ఉన్నవాళ్ళలో కొందరిని పర్మనెంట్ చేస్తున్నారు, నగేష్ పేరు రెండోది. నెత్తి మీద పాలు పోసినట్టైంది. ఇన్నాళ్ళకు! పర్మనెంట్ అయితే ఈఎస్ఐ కార్డు, అయితేనే ఎవరైనా పిల్లనిస్తారు. క్యాంటీన్‌లో అందరికీ చాయ్ తాగించాను.

కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. డాక్టరు ఫిట్ అని రాయాలి. ఈసారి వాసన పరీక్ష కూడా పెడతారట. ప్రభాకర్ సార్ నన్ను పిలిచి, "ఆండాలమ్మా, డాక్టర్‌కు హెల్ప్ మీ ఇన్‌స్పెక్షన్ వాళ్ళే చేయాలి. ఐదు సీసాలు రెడీ చేయి. నల్ల కాగితం చుట్టి పెట్టు. ఒకటి ఖాళీగా ఉంచు, అబద్ధం చెప్పేవాళ్ళు దొరికిపోతారు" అన్నారు. ఆయన ప్లాంట్ మేనేజర్. మలక్‌పేట నుంచి కారులో వస్తారు, గొంతు పెంచి మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

తల ఊపాను.

జూన్ 26

లవంగం, కాఫీ, కర్పూరం, ఖాళీ, ఫినాయిలు.

మా ఇంట్లోనే సీసాలు కడిగి ఆరబెట్టాను. నగేష్‌ను ఎదురుగా కూర్చోబెట్టాను.

"ఒకటో దానికి గబుక్కున చెప్పకు. జర సోచాయించినట్టు మొఖం పెట్టు. ఫినాయిలుకు తల ఎన్కకు గుంజుకో. నాలుగోది ఖాళీ. దాన్ని రెండుసార్లు పీల్చి, డాక్టర్ దిక్కు సూసి, ఇందుల ఏం లేదు సార్ అను."

వాడు ఐదింటినీ ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాడు. ఐదింటికీ మొహం ఒకటే. "అక్కా, నాకు అన్నీ నాలుగో సీసాలే" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, ఏం చేయను! తర్వాత ఫినాయిలుకు తల ఎంత బాగా వెనక్కి లాక్కున్నాడంటే కడుపుబ్బ నవ్వుకున్నాం. చాన్నాళ్ళైంది ఈ ఇంట్లో అట్లా నవ్వి.

"గిది తప్పు కాదా అక్కా?" అని పడుకునే ముందు అడిగాడు.

"ముక్కుతోని రేకు చేస్తరా? చేతులతోని చేస్తరు. పండుకో."

జూలై 1, మంగళవారం

ఫిట్.

సీసాలు వరసగా అందించింది నేనే. నాలుగో దానికి వాడు ఇందులో ఏం లేదు సార్ అనగానే డాక్టరు మెచ్చుకున్నాడు. అంతకు ముందు నలుగురు దాంట్లో సబ్బు వాసన ఉందనీ నూనె వాసన ఉందనీ చెప్పి దొరికిపోయారు. "ఈ అబ్బాయి ముక్కు బాగుంది" అని ప్రభాకర్ సార్‌తో కూడా అన్నాడు. ముక్కులోకి టార్చి మాత్రం వేయలేదు. క్యూ గేటు దాకా ఉంది మరి.

జూలై 5, శనివారం

పర్మనెంట్ కాగితం చేతికొచ్చింది. లాల్‌దర్వాజ అమ్మవారికి దండం పెట్టుకుని వచ్చాం.

ఇంకో మంచి పని కూడా చేశాను. ప్రభాకర్ సార్ కాళ్ళా వేళ్ళా పడి నగేష్‌ను ఆ నారింజ ట్యాంకు దగ్గర నుంచి తప్పించాను. నీళ్ళు శుభ్రం చేసే ప్లాంటుకు మార్చారు. వెనకాల, చెట్ల కింద. కుర్చీ ఉంటుంది, గాలి ఉంటుంది. మురికి నీళ్ళే కదా, నీళ్ళతో ఏమవుతుంది? అక్కడి ముసలి ఆపరేటర్ రిటైరయ్యాడు. సార్ నవ్వి, "ముక్కు బాగున్నవాడే కావాలి అక్కడికి. కరెక్ట్ మనిషి" అన్నారు.

ఆ మాట నాకు అర్థం కాలేదు.

జూలై 9

ఇవాళ అర్థమైంది.

మా నీళ్ళలో కరిగి పోయే రాగిని అడుక్కు దింపడానికి ఒక మందు పోస్తారట. ఆ మందు నీళ్ళలోకి యాసిడ్ నీళ్ళు వచ్చి కలిస్తే విషపు గాలి పుడుతుంది. అది కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుందట. మురికి నీళ్ళు చేరే సంపు అడుగున బురద తీయడానికి మనిషి దిగే ముందు, ఆపరేటర్ బోర్లా పడుకుని తల లోపలికి పెట్టి వాసన చూడాలి. ఏం లేకపోతే "సాఫ్" అని అరవాలి. అప్పుడు దిగుతారు. ఆ ముసలాయన ఉన్నంత కాలం అదే పద్ధతి. ఆయన ముక్కు మీదే నడిచింది ఆ ప్లాంటు.

"మీటర్ లేదారా? గాలి చూసే మీటర్ ఉండాలె కదా."

"ఉన్నదంట. దాంట్ల సెల్లు లేదంట."

మీటర్ నా గాజు బల్ల వెనక బీరువాలోనే ఉంది, రోజూ చూస్తాను. పసుపు రంగు డబ్బా. దేశం మొత్తానికి బ్యాటరీ రేకు చేసి పంపే కంపెనీలో మీటర్‌లోకి సెల్లు లేదు! స్టోర్స్‌లో అడిగితే ఇండెంట్ పెట్టాం అన్నారు. పోనీ లెమ్మని నేనే కొనొచ్చు. కొంటాను.

సంపులోకి దిగేది కొండల్. కాంట్రాక్టు మనిషి, పురానాపూల్ నుంచి వస్తాడు. మహా జాగ్రత్త మనిషి. చెప్పులు కూడా జత చేసి వాకిట్లో విడుస్తాడు. ఆయన చూసుకుంటాడు.

జూలై 12

కొండల్ గేటు దగ్గర కలిశాడు. "ఆండాలక్కా, మీ తమ్ముడు మస్తు మంచోడు. నిన్న సంపుల తల పెట్టి ఎంత సేపు సూసిండో! ముసలాయన గట్ల ఊపిరి పీల్చి గిట్ల లేస్తుండె. నగేషన్న నా పానం గురించి మస్తు ఫికర్ చేస్తడు" అన్నాడు.

ఇంటికి వచ్చి నగేష్‌ను పట్టుకున్నాను. ఎందుకంత సేపు పడుకున్నావురా అని.

"ఏమన్న అస్తదేమో అని చూసిన అక్కా" అన్నాడు.

జూలై 20, ఆదివారం

బోనాలు. గల్లీ నిండా సాంబ్రాణి పొగ, కళ్ళు మండిపోయాయి. నగేష్ పొగ మధ్యలో నిలబడి గుండెల నిండా పీలుస్తున్నాడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి దగ్గు వచ్చింది. నన్ను చూసి పక్కకు తిరిగాడు. నేను చూడనట్టే బోనం ఎత్తుకుని నడిచాను.

తల్లీ, వాడి ముక్కు వాడికి తిరిగి ఇవ్వు. మేకనిస్తాను.

జూలై 22

దుకాణం ముందు నుంచే వచ్చాను. సెల్లు సంగతి మరిచిపోయాను. రేపు.

జూలై 24, గురువారం

కొండల్ చనిపోయాడు.

జూలై 25

నిన్నటిది రాస్తాను.

నగేష్ చెప్పింది ఇది. పొద్దున మూత తీశారు. కొండల్ తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. నగేష్ బోర్లా పడుకుని తల పెట్టాడు. పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. ఏమీ రాలేదు. ఏమీ ఎట్లాగూ రాదు. "సాఫ్" అన్నాడు.

కొండల్ నిచ్చెన మెట్లు సగం దిగి ఆగాడట. పైకి చూసి, "అన్నా, ఏదో గుడ్డు వాసన..." అన్నాడట. ఆ మాట పూర్తి కాలేదు. చేతులు వదిలేశాడు.

నగేష్ దూకబోతే పక్కనున్నవాళ్ళు నడుం పట్టుకుని ఆపారు. తాళ్ళు, కొక్కేలు తెచ్చి బయటికి లాగేసరికి అంతా అయిపోయింది. ఫైరింజను వచ్చింది, పోలీసులు వచ్చారు, సంపుకు సీలు వేశారు. నేను ఆ సమయానికి గాజు బల్ల దగ్గర ఉన్నాను. లొల్లి వినబడింది. ప్రీతి పరుగెత్తుకొచ్చి, "సంపుల మనిషి పడ్డడంట" అంది. దేవుడా, నగేష్ కావద్దు అనుకున్నాను. కాదని తెలియగానే ఊపిరి పీల్చుకున్నాను.

జూలై 26

అన్నం తినడు. వంటింట్లో కూర్చుని ఉల్లిగడ్డ కోసి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు, తర్వాత వెల్లుల్లి, తర్వాత కిరోసిన్ గుడ్డ. కళ్ళలోంచి నీళ్ళు కారతాయి, ముక్కుకు మాత్రం ఏమీ తెలియదు. చేతిలోంచి లాగి పారేశాను. మళ్ళీ ఏరుకొచ్చుకున్నాడు.

జూలై 28, సోమవారం

ప్రభాకర్ సార్ కబురు పెట్టారు. గదిలో ఆయన ఒక్కరే. నాకు కుర్చీ చూపించారు. ఇన్నేళ్ళలో మొదటిసారి.

"ఆండాలమ్మా, మీ తమ్ముడి భవిష్యత్తు నాకు ఇంపార్టెంట్. కొత్తగా పర్మనెంట్ అయిన పిల్లవాడు. డాక్టర్ సర్టిఫికెట్ ఉంది, ముక్కు బాగుందని. కాబట్టి వాసన రాలేదంటే గ్యాస్ లేనట్టే. మరి మనిషి ఎందుకు పడిపోయాడు? తాగి ఉన్నాడు కాబట్టి. ఒకప్పుడు తాగేవాడని అందరికీ తెలుసు కదా."

ఒక కాగితం నా వైపు జరిపారు. నగేష్ చెప్పినట్టుగా టైపు చేసి ఉంది. దిగే ముందు కొండల్ నోటి దగ్గర మద్యం వాసన వచ్చింది, నేను వద్దన్నా వినకుండా దిగాడు.

"పోస్ట్‌మార్టం రిపోర్ట్ వస్తది కదా సార్?"

"వచ్చినప్పుడు చూద్దాం. వచ్చే నెల పద్దెనిమిదిన ఎంక్వైరీ ఆఫీసర్ వస్తున్నారు. ఆయన ముందు మీ వాడు ఇదే మాట చెప్పాలి. లేదంటే సాఫ్ అన్నది ఎవరు అనే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న మీకు మంచిది కాదు."

బయటికి వస్తుంటే సంపు పక్క గోడకు పసుపు మీటర్ వేలాడుతూ కనబడింది. కొత్త సెల్లు వేశారు. పచ్చ లైటు వెలుగుతోంది.

జూలై 29

కాగితం వాడి ముందు పెట్టాను. చదివాడు. చాలా సేపు చదివాడు.

"అక్కా, నాకు వాసనే రాదు. సారా వాసన అచ్చిందని ఎట్ల రాయాలె?"

"సంతకానికి ముక్కెందుకురా?"

నా నోటి నుంచే వచ్చింది ఆ మాట. వాడు నన్ను చూసిన చూపు నేను రాయలేను. అయినా తగ్గలేదు. కేసైతే ఎవడు కాపాడుతడు, ఉద్యోగం పోతే ఎవడిస్తడు, సచ్చినోడు ఎట్లాగూ తిరిగి రాడు. అన్నీ అన్నాను. ఏడ్చాను కూడా. ఏడిస్తే వాడు కరుగుతాడని నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ అంతే.

సంతకం పెట్టాడు.

ఆగస్టు 3

ఏమీ లేదు.

ఆగస్టు 6

ఏమీ లేదు. రేకు బాగా వస్తోంది. చిల్లులు తక్కువ.

ఆగస్టు 10, ఆదివారం

పురానాపూల్ వెళ్ళాను. వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను, అంతే. ఓ డజను అరటిపండ్లు తీసుకుని వెళ్ళాను. చావింటికి ఏం తీసుకెళ్తారో కూడా తోచలేదు.

కొండల్ భార్య పేరు నాగమణమ్మ. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంది. చర్చిలో ఊడ్చే పని చేస్తుందట. గది కడిగినట్టు శుభ్రంగా ఉంది. గోడకు మేకు ఉంది, ఫోటో లేదు. బీరువా మీద మడత బట్టల కింద ఫ్రేము అంచు కనబడుతోంది.

"ఆదరణ కూడిక ఎప్పుడమ్మా?" అని అడిగాను. వాళ్ళలో పోయినవారి కోసం ప్రార్థన పెట్టుకుంటారు కదా, మాట కలపాలని అడిగాను.

"పెడ్తలేనక్కా. కంపెనీవాళ్ళు నీ తమ్ముని కాగితం జూపిచ్చిండ్రు. తాగి సచ్చినోని పేరు మీద ప్రార్థన జెయ్యిమని పాస్టర్‌ను ఏ మొఖం పెట్టుకొని అడగాలె? గాయన ముంగటనే బైబిల్ మీద చెయ్యేసి మానిండు. రెండేండ్లాయె."

నేను అరటిపండ్ల సంచీ ముడి విప్పుతూ, మళ్ళీ వేస్తూ కూర్చున్నాను.

"ఇంటికి రాంగనే దగ్గరికి పోయి వాసన జూసేదాన్ని అక్కా. నవ్వుతుండె. పోలీసోని లెక్క చెక్ చేస్తవేందే అని. ఒక్క దినం గూడ రాలే. ఆ దినం పొద్దుగాల గూడ జూసిన, గేటు దాకా పోయి. రాలే." నా కళ్ళలోకి సూటిగా చూసింది. "నీ తమ్మునికి అచ్చిన వాసన నాకెందుకు రాలేదక్కా?"

లేచాను. చెప్పులు వేసుకోవడం కూడా మరిచి గల్లీ చివరి దాకా వచ్చాను. వెనక్కి వెళ్ళి వేసుకోవలసి వచ్చింది. ఆమె గుమ్మంలోనే ఉంది.

ఆగస్టు 11

నీ తమ్మునికి అచ్చిన వాసన నాకెందుకు రాలేదక్కా.

ఆగస్టు 13

ఆమెకు సర్దై ఉంటుంది. ఆ రోజు. కొండల్ నిజంగానే తాగాడేమో, ఎవరు చూశారు? దారిలో తాగి ఉండొచ్చు కదా. లవంగం నమిలి ఉండొచ్చు.

ఆండాలూ, సిగ్గు లేదే నీకు?

ఆగస్టు 15, శుక్రవారం

కంపెనీలో జెండా ఎగరేశారు. లడ్డూలు పంచారు. ప్రభాకర్ సార్ నగేష్ భుజం మీద చేయి వేసి, "మండే రోజు కాన్ఫిడెంట్‌గా చెప్పు" అన్నారు. వాడు లడ్డూ చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

ఇంటికి వచ్చాక అన్నాను, నేను నాగమణమ్మ దగ్గరికి వెళ్ళొచ్చానని. ఆమె అడిగింది కూడా చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

వాడు గోడకు ఆనుకుని అట్లాగే జారి కింద కూర్చున్నాడు. "నేను మోరి పక్క పొంటి నడుస్తున్నా గూడ మంచిగనే ఉంటున్న అక్కా. నాకేం వాసన లేదు. కానీ గా కాగితం మీద సంతకం పెట్టినప్పటి సంది నా ఒళ్ళే కంపు కొడుతున్నదనిపిస్తది. అందరికీ వస్తుందేమో, నాకే తెలుస్తలేదేమో అని మందికి దూరం నిలబడుతున్న."

పక్కన కూర్చున్నాను. వాడి తల నా ఒళ్ళోకి లాక్కున్నాను. ఇంత పెద్దవాడు, తొమ్మిదేళ్ళవాడిలా ఏడ్చాడు. నేను కూడా. ఈసారి వాణ్ణి కరిగించడానికి కాదు.

"ఆదివారం పోదాంరా" అన్నాను.

"ఉద్యోగం?"

"పోనీ."

ఆగస్టు 17, ఆదివారం

చర్చి అయ్యాక వెళ్ళాం. నాగమణమ్మ అప్పుడే వచ్చి కొంగు నడుముకు దోపుకుని పొయ్యి దగ్గరికి పోతోంది. నగేష్‌ను చూడగానే మొహం గట్టిపడింది. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను.

"నాగమణమ్మా, మా తమ్మునికి వాసన రాదు. ఎన్ని దినాల సందో రాదు. నీ పెనిమిటి దగ్గర ఏ వాసనా వీనికి రాలే. కంపెనీవాళ్ళు రాసిచ్చిండ్రు, నేను సంతకం పెట్టిచ్చిన."

ఆమె కాసేపు అర్థం కానట్టు చూసింది. తర్వాత నమ్మనట్టు. లోపలికి వెళ్ళి ఒక డబ్బా తెచ్చింది. "కండ్లు మూసుకో" అంది నగేష్‌తో. వాడు మూసుకున్నాడు. మూత తీసి డబ్బా వాడి ముక్కు కింద పెట్టింది. ఎండు చేపలు. గుమ్మంలో నిలబడ్డ నాకు కూడా గుప్పున కొట్టింది.

"ఏందిది?"

వాడు పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. ఊపిరితిత్తుల్లో ఉన్న బలమంతా పెట్టి పీల్చాడు. "ఎర్కలేదక్కా" అన్నాడు. "ఏమన్న ఉన్నదా అందుల?"

డబ్బా ఆమె చేతిలోంచి జారి, చేపలు నేల మీద పడ్డాయి.

"గట్లయితే తాగలే" అంది. నాతో కాదు, వాడితో కాదు. "తాగలే. ఏసయ్యా, తాగలే నా మొగుడు!" నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఊగిపోయింది. బీరువా దగ్గరికి పరుగెత్తి బట్టల కింది ఫోటో లాగింది. కొంగుతో తుడిచింది. అద్దానికి ముక్కు ఆనించి అట్లాగే ఉండిపోయింది. "నిన్ను దొంగను జేసిన గదయ్యా" అని ఎన్నిసార్లు అందో.

ఆ సంతోషం చూసి మేము ఏదో మేలు చేశామని క్షణం పాటు అనుకున్నాను. అంత బుద్ధి నాది.

ఆమె ఫోటోను గోడ మేకుకు తగిలించి, వంకర సరిచేసింది. అప్పుడు చేయి ఆగింది. ఇటు తిరగకుండానే అడిగింది.

"వాసన రానోన్ని సంపు మీద ఎవరు నిలబెట్టిండ్రు?"

నగేష్ నోరు తెరిచాడు. కంపెనీ అని చెప్పబోయాడు, లేదా నేనే అడిగి పోయిన అని చెప్పబోయాడు. నాకు తెలుసు, వాడు నన్ను తప్పించి ఇంకేదైనా చెప్తాడు. వాడి చేయి పట్టుకుని ఆపాను.

"నేను" అన్నాను. "పరీక్షల తప్పుతడని ఇంట్లనే నేర్పిన. సీసాలు నేనే పెట్టిన. ఆ ప్లాంటుకు నేనే అడిగి మార్పిచ్చిన. మీటర్ల సెల్లు లేదని ఎర్కుండి కొననిది గూడ నేనే."

పక్కింట్లో ఎవరో కుళాయి విప్పారు. ఆమె వంగి నేల మీది చేపలు ఒక్కొక్కటీ ఏరి డబ్బాలో వేసింది, మూత పెట్టింది. నగేష్ సాయం చేయబోతే డబ్బా దూరం జరిపింది.

"రేపు నేను గూడ అస్త ఆ ఆఫీసర్ దగ్గరికి" అంది చివరికి. "నాకు జెప్పినట్టే అక్షరం పొల్లు పోకుండ ఆడ చెప్పుండ్రి. ఇద్దరు."

"చెప్తం" అన్నాను.

"ఇగ పోండ్రి."

వచ్చేశాం. మా వెనకే తలుపు మూసింది. బస్సులో నగేష్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు, నేను ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. మూసీ వంతెన మీద బస్సు ఆగినప్పుడు ఆ కంపుకు అందరూ కొంగులూ రుమాళ్ళూ ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. వాణ్ణి చూసి నేను కూడా పెట్టుకోలేదు.